నేలమాళిగలో మోడల్ రైల్వే: ట్రాక్ కొనే ముందు గదిని ఎలా రెడీ చేసుకోవాలి?

ఇప్పటిదాకా ఇక్కడ ఫోన్లు, ఇయర్‌బడ్స్, స్మార్ట్‌వాచ్‌ల గురించి రాశాను. ఈసారి రివ్యూ చేస్తున్నది ఒక గదిని. ఆలేరులో మా పాత ఇంటి కింద ఉన్న నేలమాళిగ అది. అందులో మోడల్ రైల్వే పెట్టబోయి ఒకసారి పూర్తిగా ఫెయిలయ్యాను. రెండోసారి పని అయింది. ఈ రెండింటికీ మధ్య ఏడాదికి పైగా పట్టింది. ఆ టైమ్‌లో నేర్చుకున్నదంతా ఈ ఆర్టికల్‌లో స్టెప్ బై స్టెప్ చెప్తాను.

మోడల్ ట్రైన్ల మీద ఇంట్రెస్ట్ లేకపోయినా ఫర్వాలేదు. పాత ఇంట్లో నేలమట్టం కంటే కిందకున్న గదిలో కంప్యూటర్, హోమ్ థియేటర్, 3డీ ప్రింటర్, ఏది పెట్టాలన్నా ఇవే లెక్కలు పనికొస్తాయి.

మొదటిసారి ఏం జరిగింది?

ఆలేరు సికింద్రాబాద్–కాజీపేట లైన్ మీద ఉంటుంది. నిజాం కాలంలో ఈ లైన్ 1886 నాటికి వరంగల్ దాకా పడింది. మా నాయిన రైల్వేలో పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. మోకాళ్ల నొప్పులతో ఇప్పుడు స్టేషన్ దాకా నడవలేడు. సాయంత్రం వాకిట్లో కూచుని, హారన్ వినిపిస్తే ఏ బండో చెప్తుంటాడు. స్టేషన్‌కి పోలేని మనిషికి ఒక చిన్న స్టేషన్ ఇంట్లోనే కడదామనుకున్నా. ఐడియా అంతే.

ఇల్లు మా తాత కొన్నది. అంతకుముందు గింజల వ్యాపారం చేసిన షావుకారుదట. అందుకే కింద ధాన్యం దాచుకునే అర్ర ఉంది. 14 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు. నేల వాకిలి కంటే 4 అడుగులు కిందకుంటుంది. రెండడుగుల మందం రాతి గోడలు, సున్నం పూత, షాబాద్ బండల నేల, పైన రెండు చిన్న వెంటిలేటర్లు. ఏప్రిల్‌లో దిగి చూస్తే చల్లగా, పొడిగా, ఏసీ గదిలా ఉంది. ఇంతకంటే మంచి చోటు ఏముంటుందనుకుని, మే నెలాఖరుకల్లా ప్లైవుడ్ బెంచ్ వేసి ట్రాక్ పరిచేశా.

జులై వచ్చింది. ప్లైవుడ్ ఉబ్బింది. ట్రాక్ కింద వేసిన కార్క్ మీద బూజు పట్టింది. స్క్రూలు, ఇరుసులు తుప్పెక్కాయి. ఒకరోజు నాయినను మెల్లగా కిందికి దింపి బండి నడిపి చూపించబోయా. ఆయన బండి వైపు చూడనే లేదు. పాయింట్ దగ్గర వంగి చూసి, "పాయింట్ కూసోలేదురా, బండి పడ్తది" అన్నాడు. అన్నట్టే ఇంజిన్ అక్కడే పట్టాలు తప్పింది. కింద ప్లైవుడ్ ఉబ్బడంతో పాయింట్ బ్లేడ్‌కి, పక్క పట్టాకి మధ్య వెంట్రుకంత సందు వచ్చింది. నాకు కనపడని సందు ఆయనకు కనపడింది.

దాన్ని సరిచేస్తూ ఇద్దరం రెండు గంటలు కూచున్నాం. వాన జల్లు పడుతుందని తలుపు, వెంటిలేటర్లు మూసే ఉంచా. "తల పట్టేసినట్టున్నది బిడ్డా, పైకి పోదాం" అన్నాడు నాయిన. మూడో మెట్టు మీద తూలాడు. వెనక నేనున్నాను కాబట్టి పట్టుకోగలిగా. ఆ మెట్లకు పట్టుకోవడానికి కడ్డీ కూడా లేదు.

ఆ రాత్రే లేఅవుట్ మొత్తం విప్పేయాలని డిసైడయ్యా. పట్టాలు పాడైనందుకు నాకంత బాధ లేదు. డెబ్బై దాటిన మనిషిని ఏ గదిలో కూచోబెట్టానో దాని గురించి నాకే ఏమీ తెలియదు, అదే భయపెట్టింది.

స్టెప్ 1: ముందు కొలవండి

గదిని చేత్తో తాకి, ముక్కుతో వాసన చూసి అంచనా వేయకండి. ఏప్రిల్‌లో నేను చేసింది అదే. నేను వాడిన సెన్సార్లు ఇవి.

తేమకి: చాలామంది చవకని డీహెచ్‌టీ11 కొంటారు. దాని రీడింగ్‌లో తేడా 5 శాతం దాకా రావచ్చు, ఉష్ణోగ్రతలో 2 డిగ్రీల దాకా. మన లెక్కకి అది చాలదు. ఎస్‌హెచ్‌టీ31 తీసుకోండి, తేడా 2 శాతం దగ్గర ఉంటుంది. రెండు కావాలి, ఒకటి గదిలో, ఒకటి బయట నీడలో.

గోడ ఉష్ణోగ్రతకి: డీఎస్18బీ20 వాటర్‌ప్రూఫ్ ప్రోబ్. దాన్ని గోడ అడుగున, నేలకి జానెడు ఎత్తులో ఆనించి టేప్ వేయండి. గది గాలి ఉష్ణోగ్రత, గోడ ఉష్ణోగ్రత ఒకటి కావు. ఈ తేడా ఎందుకు ముఖ్యమో స్టెప్ 3లో చూద్దాం.

గాలికి: కార్బన్ డయాక్సైడ్ సెన్సార్. ఇక్కడ జాగ్రత్త. చవక డబ్బాల మీద "ఈసీఓ2" అని రాసి ఉంటే అది కార్బన్ డయాక్సైడ్‌ని కొలవదు. గాలిలోని ఇతర రసాయన ఆవిర్లను బట్టి అంచనా కడుతుంది. మోడల్ గదిలో జిగురు, పెయింట్ వాడతాం కాబట్టి అంకె ఎటు పడితే అటు పోతుంది. ఎన్‌డీఐఆర్ రకం కొనండి. ఇన్‌ఫ్రారెడ్ కాంతితో నేరుగా కొలుస్తుంది. ఎంహెచ్-జెడ్19, ఎస్‌సీడీ30 ఈ రకమే.

వీటన్నిటినీ ఒక ఈఎస్‌పీ32 బోర్డుకి కలిపి, పది నిమిషాలకోసారి రీడింగ్ సేవ్ అయ్యేలా పెట్టా. మొత్తం ఖర్చు నేను కొన్న ఒక్క ఇంజిన్ ధరలో సగం కూడా కాలేదు.

తేమ మీటర్ కరెక్టా కాదా అన్నది ఇంట్లోనే చూసుకోవచ్చు. ఒక సీసా మూతలో ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేంతవరకే నీళ్లు కలపండి. దాన్నీ, మీటర్‌నీ గాలి చొరని డబ్బాలో పెట్టి, ఒక పూటంతా కదపకుండా వదిలేయండి. మామూలు గది వేడిలో లోపలి తేమ 75 శాతం దగ్గర నిలబడాలి. మీటర్ 70 చూపిస్తే అది 5 తక్కువ చెప్తోందని అర్థం. ఆ తేడాని కోడ్‌లో కలిపేయండి.

ఎన్నాళ్లు కొలవాలి? కనీసం ఒక వానాకాలం పూర్తిగా. మే నెల రీడింగ్ చూసి ఆగస్టు గురించి డిసైడ్ చేయకండి.

స్టెప్ 2: నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయి?

తడి రెండు దారుల్లో వస్తుంది. ఒకటి, మట్టిలోంచి గోడ ద్వారా, నేల ద్వారా లోపలికి ఊరడం. రెండు, గాలిలోని తేమే చల్లని గోడ మీద నీరుగా మారడం. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. మందు మాత్రం వేరు.

తేల్చుకోడానికి ఒక మందపాటి ప్లాస్టిక్ షీట్ చాలు. అర మీటరు చదరం ముక్కని గోడకి ఆనించి నాలుగు అంచులా గట్టిగా టేప్ వేయండి. నేల మీద ఇంకొకటి. ఒక రోజు తర్వాత చూడండి. షీట్ వెనక తడి ఉంటే నీళ్లు గోడలోంచి వస్తున్నాయి. షీట్ పైభాగం తడిస్తే గాలిలోంచి వస్తున్నాయి. మా గదిలో తూర్పు గోడకి వెనక తడి, మిగతా మూడు గోడలకి పైన తడి. అంటే రెండు జబ్బులూ ఉన్నాయి.

తూర్పు గోడ సంగతి బయటికెళ్లి చూస్తేనే తెలిసింది. వీధిలో సీసీ రోడ్డు వేసిన ప్రతిసారీ ఎత్తు పెరిగి, ఇల్లు కిందికి పోయింది. వాన నీళ్లు మా గోడ వైపే వాలుతున్నాయి. పైగా డాబా నీళ్ల పైపు సరిగ్గా ఆ గోడ మొదట్లోనే పడుతోంది. లోపల ఎన్ని పూతలు పూసినా ఇవి ఆగవు. పైపుని పొడిగించి నీళ్లు దూరంగా పడేలా చేశాం. గోడ పొడవునా చిన్న కాల్వ తీసి, వాలు రోడ్డు డ్రైనేజీ వైపు పెట్టించాం. తర్వాతి వానాకాలంలో ప్లాస్టిక్ షీట్ వెనక తడి చాలా తగ్గింది.

ఇక్కడ నేను చేసిన ఖరీదైన తప్పు ఒకటి చెప్పాలి. మొదటి ఏడాది ఒక వాటర్‌ప్రూఫింగ్ కాంట్రాక్టర్‌తో లోపలివైపు సిమెంట్ ప్లాస్టర్ కొట్టించి, పైన పెయింట్ వేయించా. ఒక్క వానాకాలానికే పొక్కులొచ్చి ఊడిపోయింది. తర్వాత చూసిన ఒక ముసలి మేస్త్రీ, "సిమెంట్ గొడ్తె గోడకు ఊపిరాడది బిడ్డా, నీళ్లు ఏడికి పోవాలె?" అన్నాడు. ఆయన చెప్పింది నిజమే. రాయి, సున్నం గోడ కొంచెం తడి పీల్చుకుని, గాలి పొడిగా ఉన్నప్పుడు మెల్లగా వదిలేస్తుంది. మీద సిమెంట్ వేస్తే ఆ దారి మూసుకుపోతుంది. తడి లోపలే ఉండి, దాంతో వచ్చే ఉప్పు పూతని తోసేస్తుంది. సిమెంట్ అంతా చెక్కించి, ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు ఇసుకతో మళ్లీ పూత పూయించాం. పైన సున్నమే వేశాం. ప్లాస్టిక్ పెయింట్ జోలికి పోలేదు. ఈ పని చలికాలంలో పెట్టుకోండి, వానల్లోపు ఆరడానికి టైమ్ ఉంటుంది.

స్టెప్ 3: వానాకాలంలో కిటికీ తెరవాలా, మూయాలా?

నేను కూడా అందరిలాగే "గది చెమ్మగా ఉంది, కాస్త గాలి ఆడనిద్దాం" అని జులైలో వెంటిలేటర్లు బార్లా తెరిచేవాణ్ణి. సెన్సార్ గ్రాఫ్ చూశాక తల పట్టుకున్నా. తెరిచిన ప్రతిసారీ గదిలో తడి పెరుగుతోంది.

కారణం డ్యూ పాయింట్, అంటే మంచుబిందువు. గాలిని చల్లబరుస్తూ పోతే, ఒక ఉష్ణోగ్రత దగ్గర దానిలోని తేమ నీరుగా మారుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ల సీసాకి చెమట పట్టేది ఇందుకే. మన నేలమాళిగ గోడే ఆ సీసా. మట్టి ఆనుకుని ఉండటంతో మా గోడ అడుగు భాగం వానాకాలంలో 26 డిగ్రీల దగ్గర ఉంటోంది. ఇప్పుడు బయటి గాలితో పోల్చి చూడండి.

బయట 30 డిగ్రీలు, తేమ 80 శాతం: డ్యూ పాయింట్ సుమారు 26 డిగ్రీలు. గోడకి చెమట పట్టే అంచున ఉన్నాం.

బయట 32 డిగ్రీలు, తేమ 75 శాతం: డ్యూ పాయింట్ 27 డిగ్రీలు. తేమ శాతం తగ్గినట్టు కనిపిస్తున్నా, గోడ మీద నీరు కట్టడం ఖాయం.

బయట 40 డిగ్రీలు, తేమ 20 శాతం: డ్యూ పాయింట్ 13 డిగ్రీల దగ్గర. ఈ గాలి ఎంత లోపలికొస్తే గోడలు అంత ఆరుతాయి.

అంటే ఏప్రిల్, మే ఎండల్లో పగలు వెంటిలేటర్లు తెరవాలి. వానాకాలంలో మూయాలి. వేసవిలో చల్లదనం పోతుందని మూసి, వానల్లో గాలి కోసం తెరవడం మన అలవాటు. ఈ గదికి దాన్ని తిరగేయాలి.

నేను ఈ పనిని ఈఎస్‌పీ32కి అప్పగించా. ఒక వెంటిలేటర్‌లో చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టి, రిలేతో కలిపా. బయటి గాలి డ్యూ పాయింట్ గోడ ఉష్ణోగ్రత కంటే కనీసం 2 డిగ్రీలు తక్కువుంటే ఫ్యాన్ ఆన్, లేకపోతే ఆఫ్. రూల్ ఇంతే. డ్యూ పాయింట్ ఫార్ములా కోడ్‌లో రెండు మూడు లైన్లే ఉంటుంది. శాతం చూసి ఫ్యాన్ వేసే రెడీమేడ్ స్విచ్‌లు ఇక్కడ పనికిరావు. పైన రెండో ఉదాహరణలో అవి మోసపోతాయి.

జులై నుంచి సెప్టెంబరు దాకా డీహ్యూమిడిఫైయర్ లేకుండా కుదరదు. మొదట ఆన్‌లైన్‌లో కనపడే చిన్న పెల్టియర్ డబ్బా కొన్నా. రోజంతా నడిస్తే టీ గ్లాసెడు నీళ్లు వచ్చాయి. బీరువాకి సరిపోతుందేమో, గదికి చాలదు. కంప్రెసర్ ఉన్నది తీసుకున్నాక గట్టి ముసురు రోజుల్లో 3 లీటర్ల దాకా లాగుతోంది. మైనస్ పాయింట్లు కూడా ఉన్నాయి. శబ్దం చేస్తుంది, గదిని రెండు డిగ్రీల దాకా వేడెక్కిస్తుంది, కరెంట్ బిల్లు తెలిసేలా పెరుగుతుంది. 60 శాతానికి సెట్ చేసి వదిలేయండి, 40కి దించాలని చూడకండి. చెక్కకి కావాల్సింది తేమ ఒకేచోట నిలకడగా ఉండటం.

స్టెప్ 4: గదిలో మనిషి కూచోవాలి

నాయిన తూలిన రోజును మళ్లీ తయారుచేసి చూశా. తలుపు, వెంటిలేటర్లు మూసి, నేనూ మా తమ్ముడూ సెన్సార్ పెట్టుకుని రెండు గంటలు కూచున్నాం. బయట 420 దగ్గర ఉండే కార్బన్ డయాక్సైడ్ లోపల 2,600 పీపీఎం దాటింది. ఇది ప్రాణం తీసే అంకె కాదు. కానీ గాలి ఆగిపోయిందనడానికి గుర్తు. తల బరువెక్కడం, మగతగా ఉండటం ఇలాంటి గాలిలో మామూలే. దానికి ఉక్కపోత, పెద్ద వయసు, కడ్డీ లేని రాతి మెట్లు తోడైతే ఏమవుతుందో ఆరోజు చూశా. ఆ మర్నాడే డాక్టర్‌కి చూపించాం, ఆ సంగతి వేరు. మీ ఇంట్లో ఎవరికైనా ఇలా అయితే గాలి మీద నెపం పెట్టి ఊరుకోకండి, ముందు చూపించండి.

ఇక్కడ స్టెప్ 3కి, స్టెప్ 4కి గొడవ వస్తుంది. తడి రాకూడదంటే గది మూయాలి, మనిషికి గాలి కావాలంటే తెరవాలి. నా కోడ్‌లో మనిషిదే పైచేయి. కార్బన్ డయాక్సైడ్ 1,000 దాటితే బయట ఎంత వానున్నా ఫ్యాన్ ఆన్ అవుతుంది. వచ్చిన తడిని డీహ్యూమిడిఫైయర్ చూసుకుంటుంది. 1,500 దాటితే బజర్ మోగుతుంది, పైకి వచ్చేస్తాం.

ఇంకో మాట. మీ ఇంట్లో ఉన్నది మా అర్రలా మెట్లున్న గది కాకుండా, పైనుంచి దిగే ధాన్యం పాతర అయితే ఈ సెన్సార్లు పట్టుకుని దిగకండి. మూసి ఉన్న పాతరలో గింజలు, కుళ్లిన గడ్డీ గాదం ఆక్సిజన్‌ని తినేసి కార్బన్ డయాక్సైడ్‌ని వదులుతాయి. అది గాలి కంటే బరువు కాబట్టి అడుగునే పేరుకుంటుంది. దిగిన మనిషి క్షణాల్లో పడిపోవచ్చు, కాపాడబోయినవాళ్లూ పడిపోతారు. దీపం దించి చూసే పాత పద్ధతిని కూడా నమ్ముకోకండి. అది ఆక్సిజన్ బాగా తగ్గితేనే ఆరుతుంది. అలాంటి చోటు మోడల్ రైల్వేకి అసలు వద్దు.

స్టెప్ 5: కరెంట్

పాత ఇళ్లలో చాలా చోట్ల ఎర్తింగ్ ఉండదు, ఉన్నా వైరు మధ్యలోనే తెగి ఉంటుంది. మా గదిలో సాకెట్‌కి మూడు రంధ్రాలున్నాయి, మూడోదాని వెనక వైరే లేదు. రాతి నేల, చెమ్మ, ఉత్త కాళ్లు. ఇంతకంటే ప్రమాదకరమైన కాంబినేషన్ ఉండదు.

మేం చేసినవి: కొత్త ఎర్త్ పిట్, ఈ గదికి ప్రత్యేకంగా ఎంసీబీ, 30 మిల్లీయాంప్స్ ఆర్‌సీసీబీ. లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. సాకెట్లన్నీ నేలకి నాలుగడుగుల ఎత్తులో. ట్రాక్‌కి వెళ్లేది 15 వోల్టుల దగ్గర ఉండే డీసీ సప్లై నుంచే కాబట్టి పట్టా ముట్టుకుంటే ఏమీ కాదు. ప్రమాదం 230 వోల్టుల అడాప్టర్ దగ్గర. దాన్ని గోడకి బిగించండి, బెంచ్ కింద నేల మీద పడేయకండి. ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కి చూడండి.

స్టెప్ 6: స్కేల్, బెంచ్, ఎత్తు

ఇప్పుడు రైలు లెక్కలు. హెచ్ఓ స్కేల్ అంటే 1:87. పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. ఎన్ స్కేల్ అంటే 1:160, దూరం 9 మి.మీ. మన బ్రాడ్‌గేజ్ 1,676 మి.మీ. దాన్ని 87తో భాగిస్తే 19 మి.మీ. పైనే వస్తుంది. కాబట్టి 16.5 మీద నడిచే మన బండి కొంచెం ఇరుకు పట్టాల మీద ఉన్నట్టే. నాయిన స్కేలుతో కొలిచి మరీ పట్టుకున్నాడు ఈ తప్పుని. హెచ్ఓలో రెడీమేడ్ ట్రాక్ అంతా ఇదే కొలత, సర్దుకోవాలి.

ఒక ఎల్‌హెచ్‌బీ కోచ్ పొడవు సుమారు 23.5 మీటర్లు. హెచ్ఓలో 27 సెంటీమీటర్లు. 22 కోచ్‌లు, ఒక వ్యాప్-7 ఇంజిన్ కలిపితే 6 మీటర్లు దాటుతుంది. మా గది పొడవు 4.27 మీటర్లు. పూర్తి బండి గదిలో పట్టదు. ఎన్ స్కేల్‌లో అదే బండి 3.4 మీటర్లే. అయినా హెచ్ఓ ఎంచుకున్నా, ఎందుకంటే నాయిన కంటికి పాయింట్ బ్లేడ్ కనపడాలి. ఆరు కోచ్‌లతో సరిపెట్టుకున్నాం. పెద్దవి చూడాలంటే పుణెలోని కోత్రూడ్‌లో 1998లో మొదలైన జోషి మినియేచర్ రైల్వే మ్యూజియం ఉంది. గది కట్టే ముందు ఒకసారి చూసిరండి, మీకేం కావాలో తెలుస్తుంది.

వంపుల విషయంలో ఒక లెక్క గుర్తుపెట్టుకోండి. అత్యంత పొడవైన కోచ్ పొడవుకి కనీసం రెండున్నర రెట్లు వ్యాసార్థం ఉండాలి. 27 సెంటీమీటర్ల కోచ్‌కి 68 దగ్గర వస్తుంది, నేను 70 పెట్టా. ఒక లూప్ తిరగడానికి 1.6 మీటర్ల వెడల్పు కావాలి. లేఅవుట్‌ని టేబుల్‌లా మధ్యలో కాకుండా గోడల వెంబడి యూ ఆకారంలో వేసి, రెండు చివర్లలో లూపులు ఇచ్చాం. లూప్ మధ్యలో ఖాళీ వదిలి చెయ్యి అందేలా చూసుకున్నాం. చెయ్యి 75 సెంటీమీటర్ల కంటే ఎక్కువ దూరం అందదు, అంతకు మించితే పడిపోయిన బండిని తీయలేరు.

బెంచ్ కోసం ఈసారి స్టీల్ యాంగిల్స్ వాడాం, చెదల భయం లేదు. పైన ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్. మొదటిసారి కొన్నది ఐఎస్ 303లోని ఎంఆర్ గ్రేడ్, అది ఇలాంటి గదికి కాదు. కొత్త ప్లైవుడ్‌ని రెండు వైపులా, ముఖ్యంగా అంచులకి వార్నిష్ వేసి, అదే గదిలో మూడు వారాలు ఉంచాకే బిగించాం. గోడకీ బెంచ్‌కీ మధ్య జానెడు సందు వదిలాం, గాలి ఆడాలి.

ఎత్తు గురించి పుస్తకాల్లో నిలబడి చూసే మనిషి లెక్క ఉంటుంది, 110 సెంటీమీటర్ల పైన. మా ఇంట్లో చూసే మనిషి కుర్చీలో కూచుంటాడు. అందుకే 75 పెట్టాం. మెట్లకి రెండు వైపులా కడ్డీలు, ప్రతి మెట్టు అంచుకి ఎల్‌ఈడీ పట్టీ. ఖర్చు తక్కువ. నా లిస్టులో ఇది మొట్టమొదట ఉండాల్సింది.

స్టెప్ 7: ఫోన్‌తో కంట్రోల్

మన సైట్‌కి ఇష్టమైన భాగం. కంట్రోల్‌కి డీసీసీ పద్ధతి వాడా. ట్రాక్‌లో ఎప్పుడూ ఒకే వోల్టేజ్ ఉంటుంది, దాని దిశ మారే వేగంలోనే ఆర్డర్లు దాగి ఉంటాయి. సగం పల్స్ 58 మైక్రోసెకన్లుంటే "1", 100 మైక్రోసెకన్లు లేదా అంతకంటే ఎక్కువుంటే "0". ప్రతి ఇంజిన్‌లోని డీకోడర్ తన నంబర్‌కి వచ్చిన ఆర్డర్‌నే వింటుంది.

ఇందుకు ఆర్డుఇనో మెగా, మోటార్ షీల్డ్, వైఫై బోర్డు, వాటి మీద ఉచితంగా దొరికే డీసీసీ-ఈఎక్స్ సాఫ్ట్‌వేర్. ఫోన్‌లో ఇంజిన్ డ్రైవర్ యాప్. రెండడుగుల రాతి గోడల్లోంచి ఇంటి రౌటర్ సిగ్నల్ కిందికి రాలేదు. కమాండ్ స్టేషన్‌నే సొంత హాట్‌స్పాట్‌లా పెట్టేస్తే ఇంటర్నెట్ అవసరమే లేదు. పాత ఆండ్రాయిడ్ ఫోన్ బ్యాటరీ బాగుంటే చాలు, కొత్తది కొనకండి.

గదికి, దీనికి సంబంధం ఏంటంటారా? ఆర్డర్లన్నీ పట్టా నుంచి చక్రం ద్వారానే వెళ్లాలి. చెమ్మ, దుమ్ము కలిసి పట్టా మీద పొరలా పేరుకుంటే ఆర్డర్ తెగుతుంది, బండి కుదుపులతో ఆగుతుంది. మొదటి ఏడాది డీకోడర్ పాడైందని అనుమానపడి వారం తిప్పలు పడ్డా. పాడైంది గదే.

ఫైనల్‌గా: పెట్టాలా, వద్దా?

ఈ వానాకాలం లెక్కలు చెప్తాను. ఆగస్టులో గది తేమ 55 నుంచి 62 శాతం మధ్యే తిరిగింది. ప్లైవుడ్ కదల్లేదు. తూర్పు గోడకి ఇప్పటికీ ఒక మూల ఉప్పు పూస్తోంది, బ్రష్‌తో దులుపుతున్నా. పూర్తిగా పోతుందని చెప్పలేను.

బయట డ్రైనేజీ సరిచేశాక కూడా ప్లాస్టిక్ షీట్ వెనక తడి తగ్గకపోతే, ఆ గది వదిలేయండి. మేడ మీద చిన్న గది దీనికంటే మేలు. డీహ్యూమిడిఫైయర్ బిల్లు భరించలేమనుకున్నా అంతే. నేల మీద నీళ్లు నిలిచే ఇంట్లో అసలు ఆలోచించొద్దు.

పెట్టాలనుకుంటే ఆర్డర్ ఇది: మెట్లకి కడ్డీలు, ఎర్తింగ్‌తో ఆర్‌సీసీబీ, సెన్సార్లు, బయట నీళ్ల దారి, సున్నం పూత, ఫ్యాన్, డీహ్యూమిడిఫైయర్, ఒక వానాకాలం రీడింగ్. ఆ తర్వాతే బెంచ్, ట్రాక్, ఇంజిన్.

నాయిన ఇప్పుడు రోజూ సాయంత్రం గంటసేపు కిందకొస్తున్నాడు. ఫోన్‌లో యాప్ ముట్టడు. పాయింట్లు తిప్పే స్విచ్‌లు మాత్రం ఆయన చేతిలోనే ఉంటాయి. నేను బండి స్పీడ్ పెంచబోతే, "ఆగు, లూప్ లైన్ సెట్ చేసిన, మెల్లగ రా" అంటాడు. మొన్న ఒకరోజు బజర్ మోగింది. రీడింగ్ చూస్తే 1,510. ఫ్యాన్ మీద కోతి గుడ్డ పడేసి పోయిందని పైకెళ్లాక తెలిసింది. ఆట మధ్యలో ఆపినందుకు నాయిన విసుక్కున్నాడు కానీ, కడ్డీ పట్టుకుని తనంతట తనే మెట్లెక్కాడు.

మీ పాత ఇంట్లో ఇలాంటి గది ఉంటే, ముందు ఆ ప్లాస్టిక్ షీట్ టెస్ట్ చేసి చూడండి. ఖర్చు పది రూపాయలు కూడా కాదు.